నూట నలభై మూడు గుండ్రాలు

మా మామయ్యకు కంప్యూటర్ మీద బొమ్మ గీయడం నేర్పమని నన్నెవరూ అడగలేదు. నోరు జారింది నేనే. "అంత పట్టింపు ఉంటే మీరే గీసుకోండి మామయ్యా" అన్నాను. ఒళ్ళు మండి అన్న మాట అది. ఆయన దాన్ని ఉన్నదున్నట్టుగా తీసుకున్నారు. లోపలికి వెళ్ళి మోచేతుల దాకా చేతులు కడుక్కుని, తువ్వాలుతో వేళ్ళ సందులు కూడా తుడుచుకుని, వచ్చి నా కుర్చీలో కూర్చున్నారు.

"ఇందులో బ్రష్షు ఎక్కడుందమ్మాయీ?" అని అడిగారు.

ఆ రోజు సోమవారం. శుక్రవారం దాకా మా ఇంట్లో ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. నాకైతే కొన్ని సంగతులు ఇప్పటికీ పూర్తిగా అర్థం కాలేదు, అయినా చెబుతాను.

మాది బోర్డుల షాపు. కింద ముందు గదిలో షాపు, పైన ఇల్లు. నేను కంప్యూటర్ మీద అక్షరాలూ బొమ్మలూ తయారు చేస్తాను. పక్కనే కటింగ్ మిషను ఉంటుంది. రంగు స్టిక్కరు షీటు అందులో పెడితే, కంప్యూటర్లో ఎక్కడెక్కడ గీత ఉందో అక్కడల్లా సన్నటి బ్లేడుతో కోసి ఇస్తుంది. మా ఆయన వాటిని మోసుకెళ్ళి తలుపులకీ అద్దాలకీ అంటించి వస్తాడు. నలభై ఏళ్ళ కిందట ఈ షాపు పెట్టింది మాత్రం మామయ్య, అంటే మా ఆయన వాళ్ళ నాన్న. అప్పుడు ఇందులో రంగు డబ్బాలు, నిచ్చెన, ఆయన చెయ్యి తప్ప ఇంకేమీ లేవట.

ఊళ్ళో సగం బోర్డులు ఒకప్పుడు ఆయన రాసినవే. మందుల షాపు, సైకిళ్ళ షాపు, కళ్ళ డాక్టరు గది, బస్సుల వేళల పట్టిక, అన్నీ. పెన్సిలు గీత లేకుండా నేరుగా రంగుతో రాసేవారని మా అత్తయ్య ఇప్పటికీ గొప్పగా చెబుతుంది. తర్వాత ప్రింటు బోర్డులు వచ్చాయి. ఒక్కో గోడే పోయింది. ఆయన ఎవరినీ ఏమీ అనలేదు. ఫలానా షాపు బోర్డు మారుస్తున్నారని తెలిస్తే ముందు రోజు సాయంత్రం అటువైపు నడిచి వెళ్ళి, ఒకసారి చూసి వచ్చేవారు. నాలుగేళ్ళ కిందట కుడి మోకాలు మొరాయించింది, నిచ్చెన ఎక్కడం మానేశారు. అప్పటినుంచి షాపు ముందు కుర్చీ వేసుకుని పేపరు చదవడం, మధ్యమధ్యలో లోపలికి తొంగిచూసి "ఆ 'మ' పొట్ట మరీ ముందుకొచ్చిందమ్మాయీ, కాస్త లోపలికి లాగు" అనడం. నాకు చిర్రెత్తుకొచ్చేది. ఆయన వెళ్ళాక ఆ పొట్ట లోపలికి లాగేదాన్ని. బాగుండేది కూడా, అదీ నా కోపం.

అన్నీ పోయినా ఒకటి మిగిలింది. ఊళ్ళో చిన్నపిల్లల బడి ఒకటుంది. దానికి ఆరు వ్యాన్లు. ప్రతి వ్యాను మీదా తలుపు మెట్టు పక్కన, కింది రేకు మీద, ఒక పసుపు పిట్ట ఉంటుంది. గుండ్రటి తల, జారిన పొట్ట, నారింజ రంగు ముక్కు, ఒక కన్ను. ఇరవై ఆరేళ్ళుగా ఏటా బడి సెలవుల్లో ఆ ఆరు పిట్టలకూ మామయ్యే రంగు వేస్తున్నారు. మోకాలు మొరాయించాక కూడా ఆ పని వదల్లేదు, ఎందుకంటే దానికి నిచ్చెన అక్కర్లేదు, నేల మీద కూర్చుంటే చాలు.

ఈ ఏడు ఆ బడికి కొత్త హెడ్ మేడం వచ్చింది. సోమవారం పొద్దున్నే షాపుకొచ్చి నిలబడే మాట్లాడింది.

"పెయింటర్ గారూ, ఒక్కో బండి మీద ఒక్కో పిట్ట ఉంది. ఒకదానికి ముక్కు పొడుగు, ఇంకోదానికి మెడే లేదు. ఇక స్టిక్కర్లు పెడదాం, ఆరింటికీ అచ్చంగా ఒకటే బొమ్మ ఉండాలి. శుక్రవారం పది గంటలకి బళ్ళు పంపిస్తాను."

"పాత పిట్టలని గీకిస్తారా, వాటి మీదే తెల్ల రంగు వేయిస్తారా?" అని అడిగారు మామయ్య.

"రేకు కనబడేదాకా గీకించేశాంగా, తెల్ల రంగు కూడా వేయించేశాం" అంది మేడం.

మామయ్య తన అరచేతుల వైపు చూసుకున్నారు. అది అడగాల్సిన అవసరమేమిటో, ఆ జవాబుకి ఆయన మొహం అలా వాడిపోవడమేమిటో నాకు అప్పుడు తెలియలేదు.

"పిట్ట కుదరకపోతే ఇబ్బంది పడకండి, ఇది పెట్టేద్దాం" అంటూ మేడం తన ఫోను చూపించింది. ఎక్కడినుంచో దించిన బొమ్మ. టోపీ పెట్టుకున్న ఎలుగుబంటి బొటనవేలు పైకెత్తి ఇకిలిస్తోంది.

మేడం వెళ్ళాక మామయ్య చాలాసేపు పేపరు తిరగేయకుండా ఒకటే పేజీ పట్టుకుని కూర్చున్నారు. తర్వాత నాతో, "మిగతావన్నీ పోయాయి. పోతే పోయాయి, నేనేమీ అనను. అదొక్కటీ ఉండనీ అమ్మాయీ" అన్నారు. పెళ్ళయి తొమ్మిదేళ్ళయినా ఆయన నన్ను ఏదైనా అడగడం అదే మొదటిసారి.

"అదెంతసేపు మామయ్యా" అన్నాను.

నిజంగానే ఎంతోసేపు పట్టలేదు. పోయినేడు తీసిన పాత వ్యాను ఫోటో నా దగ్గరుంది. దాన్ని తెర మీద పెట్టి, పిట్ట చుట్టూ గీత గీసి, రంగు నింపి, అరగంటలో అయిపోయిందనిపించాను. ఆయన కళ్ళజోడు పెట్టుకుని చూశారు. తల అడ్డంగా ఊపారు.

"ఇది మన పిట్ట కాదమ్మాయీ."

"ఫోటో మీదే గీశాను మామయ్యా. వెంట్రుకవాసి తేడా లేదు."

"తేడా లేదు. కానీ అది కాదు. ఇది నన్ను చూడట్లేదు."

"బొమ్మ మిమ్మల్ని ఎందుకు చూస్తుంది?"

నేను తల పెంచాను, ముక్కు తగ్గించాను, కన్ను అటూ ఇటూ జరిపాను. ప్రతిసారీ అదే మాట, "అది కాదు." ఏది కాదో ఆయన చెప్పలేరు, ఏమిటో నేను కనిపెట్టలేను. మూడోసారికి నా నోరు జారింది. ఆ సంగతి మొదటే చెప్పాను.

కంప్యూటర్లో బొమ్మ గీయడమంటే నిజానికి గీయడం కాదు, ఆకారాలు పేర్చడం. గుండ్రం, కోలగుండ్రం, త్రికోణం, ఇలా ఒక్కో ఆకారం వేసి, రంగిచ్చి, ఒకదాని మీద ఒకటి పెడతాం. అవి ఎప్పటికీ విడివిడిగానే ఉంటాయి. ఏ ఆకారాన్నయినా మళ్ళీ పట్టుకుని జరపొచ్చు, సాగదీయొచ్చు, తీసేయొచ్చు. చిన్నపిల్లలకి పది నిమిషాల్లో తెలిసిపోయే సంగతి ఇది. నలభై ఏళ్ళు గోడ మీద పని చేసిన మనిషికి చెప్పి చూడండి, అప్పుడు తెలుస్తుంది.

మొదటి రోజంతా ఒక్క తలే. ఆయన మౌసుని పైకి జరపాలంటే బల్ల మీంచి పైకి లేపేవారు. "బల్ల మీదే ఉంచండి మామయ్యా" అంటే, "పిట్ట పైనుంది కదమ్మాయీ" అనేవారు. ఎలాగో ఒక గుండ్రం వచ్చింది. పసుపు రంగు నింపడం చూపించాను. రంగు నిండగానే ఆయన రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. నేను ఇంకో పని చేసుకుని వచ్చి చూస్తే అలాగే కూర్చుని ఉన్నారు.

"ఏంటి మామయ్యా, ఆగిపోయారు?"

"ఆరాలి కదా."

"అది ఆరేదేంటి, కంప్యూటరు."

"ఓహో" అన్నారు. అన్నారే గానీ నమ్మినట్టు కనబడలేదు. ఇంకో నిమిషం ఆగి అప్పుడు ముట్టుకున్నారు.

మంగళవారం కన్ను పెట్టాం. నల్ల గుండ్రం ఎంతో జాగ్రత్తగా గీశారు, దాన్ని తల మీదికి లాగారు, అది మాయమైపోయింది. ఆయన బల్ల కిందికి వంగి చూశారు. నిజంగా చూశారు, నేను కల్పించి చెప్పడం లేదు.

"ఉంది మామయ్యా, తలకి వెనకాల ఉంది" అన్నాను.

"వెనకాలంటే? గోడలోనా?"

"గోడ లేదు. ముందూ వెనకా అనే వరస ఉంటుంది, అంతే. మొదట వేసింది వెనక్కి పోతుంది, తర్వాత వేసింది ముందుకొస్తుంది."

"మరి కన్ను నేను తర్వాతేగా వేసింది?"

అప్పుడు నాకూ అర్థం కాలేదు. తల ఇంకోసారి వేశారేమో అనుకుని, కన్నుని ముందుకు తెచ్చి ఊరుకున్నాను. నేను ఆ రోజే ఆరా తీసి ఉంటే శుక్రవారం ఆ గండం వచ్చేది కాదు. కానీ అప్పటికే నాకు బుర్ర వేడెక్కి ఉంది, షాపులో వేరే పనులు నెత్తి మీద కూర్చున్నాయి.

ముక్కు పెట్టాక అసలు గొడవ మొదలైంది. ముక్కు సరిచేద్దామని పట్టుకుంటే అది మొత్తంగా ఊడి ఆయన వెంట వచ్చేసింది. ఆయన మౌసు వదిలేసి చేతులు వెనక్కి లాక్కున్నారు. పిట్ట ముక్కు తెర మూలన పడి ఉంది. "ఇదేం పనమ్మాయీ, వేసింది వేసినట్టు ఉండదా?" అన్నారు. ఆ గొంతులో కోపం లేదు, భయం లాంటిది ఉంది. తప్పు చేస్తే వెనక్కి పోయే బటను ఒకటుందని, అది నొక్కితే చేసింది చెయ్యనట్టే అయిపోతుందని చూపించాను. ఆయనకి అది బొత్తిగా నచ్చలేదు.

"చేశాం కదా, చెయ్యలేదని ఎలా అంటాం?"

"పోనీ తప్పొచ్చినదాన్ని సెలెక్ట్ చేసి డిలీట్ కొట్టండి."

"సరే" అన్నారు. ఆ "సరే"ని నేను నమ్మడమే నా పొరపాటు. ఆ తర్వాత గంటకోసారి, "ఆ పసుపు గుండ్రం ఎలా తేవాలన్నావు?" అని అడుగుతూనే ఉన్నారు. ఒక్క పిట్టకి ఇన్ని పసుపు గుండ్రాలు ఎందుకా అని నాకు తట్టలేదు.

ఇంకో వింత కూడా చూశాను. కాసేపు గీసి, కుర్చీలోంచి లేచి, నాలుగడుగులు వెనక్కి వెళ్ళి, గోడ పట్టుకుని కష్టం మీద గొంతుక్కూర్చుని, అక్కణ్ణించి తెరని చూసేవారు. మళ్ళీ మూలుగుతూ లేచి వచ్చి కన్ను కాస్త జరిపేవారు. మళ్ళీ వెళ్ళి కూర్చునేవారు. కుర్చీ ఉండగా, మోకాలు నొప్పి ఉండగా, నేల మీద ఈ కుప్పిగంతులేమిటో నాకు పాలుపోలేదు. పైనుంచి దిగిన అత్తయ్య ఆ అవతారం చూసి, "ఈ వయసులో ఆ పెట్టెతో దాగుడుమూతలేంటండీ" అని బుగ్గలు నొక్కుకుంది. మా ఆయన్ని అడిగితే, "నాన్న సంగతి నాకు చిన్నప్పట్నుంచీ అర్థం కాదు, నువ్వే చూసుకో" అని నిచ్చెన భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు. మా ఇంటి మగవాళ్ళిద్దరిలో ఒకరు వదలరు, ఇంకొకరు పట్టించుకోరు.

గురువారం మధ్యాహ్నం నేను స్టిక్కరు షీట్లు సర్దుకుంటుంటే, "ఒకసారి చూడమ్మాయీ" అన్నారు. చూశాను. తెర మీద పిట్ట ఉంది. నా పిట్టకీ దీనికీ ఏమిటి తేడా అంటే చెప్పలేను. తల కాస్త ఎత్తుగా ఉందేమో, కన్ను కాస్త కిందికి దిగిందేమో. కానీ ఆ కుర్చీ దగ్గర నిలబడి చూస్తుంటే నాకు ఊరికే నవ్వొచ్చింది. పక్కనే ఉన్న నా పిట్ట బొమ్మలా ఉంది, ఇదేమో పిట్టలా ఉంది. మామయ్య నా మొహం వైపే చూస్తున్నారు, పరీక్ష పేపరు ఇచ్చేసిన పిల్లాడిలా.

"మామయ్యా, మీరు గట్టివాళ్ళే" అన్నాను.

మేడంకి ఫోనులో పంపించాను. "బాగుంది, ఇదే చేయండి" అని జవాబొచ్చింది. మామయ్య ఆ జవాబుని నాచేత రెండుసార్లు చదివించుకున్నారు.

శుక్రవారం ఎనిమిదింటికే షాపు తెరిచాను. మిషనులో పసుపు షీటు పెట్టి నొక్కాను. ఇంత బొమ్మ కోయడానికి మహా అయితే రెండు నిమిషాలు. ఐదు నిమిషాలైంది, పదైంది, బ్లేడు అటూ ఇటూ పరుగులు పెడుతూనే ఉంది. ఆపుదామా అంటే షీటు పాడవుతుందని భయం. ఇరవై నిమిషాలకి ఆగింది. షీటు బయటికి తీసి మూల పట్టుకుని లాగాను. పిట్ట రాలేదు. పసుపు తునకలు వచ్చాయి. గోరంత, చంద్రవంకంత, దారప్పోగంత, చెయ్యి కదిలిస్తే బల్ల నిండా రాలుతున్నాయి.

బ్లేడు చూశాను, బాగానే ఉంది. మళ్ళీ ఇంకో షీటు పెట్టాను. మళ్ళీ తునకలే. తెర మీద చూస్తే పిట్ట నిక్షేపంగా ఉంది. గడియారం చూస్తే తొమ్మిది కావస్తోంది.

మామయ్య గుమ్మంలో నిలబడి ఉన్నారు. ఎప్పుడొచ్చారో తెలియదు. బల్ల మీద తునకల్ని చూశారు, వాటిని వేలితో కొంచెం కలిపారు.

"పోన్లే అమ్మాయీ. ఆ ఎలుగుబంటినే పెట్టమని చెప్పు" అన్నారు.

ఆ మాట వినేసరికి నాకు కోపం ముంచుకొచ్చింది. ఎవరి మీదో నాకే తెలియదు. "ఊరుకోండి మామయ్యా. అసలు ఇందులో ఏం చేశారు మీరు?" అని గట్టిగానే అరిచాను. తొమ్మిదేళ్ళలో ఆయన మీద అరవడం కూడా అదే మొదటిసారి. ఆయన కుర్చీ అంచు పట్టుకుని నిలబడ్డారు.

కంప్యూటర్లో రంగులన్నీ తీసేసి ఉత్త గీతలు మాత్రమే చూపించే పద్ధతి ఒకటుంది. అది నొక్కాను. పిట్ట మాయమై, ఆ స్థానంలో చిక్కుపడిన దారపుండ లాంటిది వచ్చింది. గుండ్రాలు, గుండ్రాల కింద గుండ్రాలు. లెక్క చూస్తే నూట నలభై మూడు. కళ్ళే ముప్ఫై దాకా ఉన్నాయి.

"ఇవన్నీ ఏంటి మామయ్యా?"

"తప్పొచ్చినవి" అన్నారు మెల్లగా. "తప్పొస్తే పైన పూత వేసి మళ్ళీ గీస్తాం కదా. పసుపు పూత వేశాను. కనబడట్లేదుగా?"

అప్పుడు నాకు కళ్ళు తెరుచుకున్నాయి. ఆయన ఒక్కటి కూడా డిలీట్ చెయ్యలేదు. తప్పు వచ్చిన ప్రతిచోటా ఇంకో పసుపు గుండ్రం కప్పి, దాని మీద కొత్తగా గీశారు. మంగళవారం కన్ను ఎందుకు మాయమైందో కూడా ఇప్పుడు తెలిసింది, కన్ను గీశాక తల మీద ఇంకో పసుపు పూత వేసి ఉంటారు, కన్ను దాని వెనక్కి పోయింది. గోడ మీదైతే పైపూత తప్ప ఏదీ కనబడదు. మిషనుకి పైపూత, కిందిపూత తేడా లేదు, గీత ఎక్కడుంటే అక్కడ కోసేస్తుంది. ఆయన నాలుగు రోజుల తప్పులన్నిటినీ అది ఒక్కటీ వదలకుండా కోసింది.

"కిందివన్నీ తీసేస్తాను, అయిపోతుంది" అన్నాను.

ఆయన కంగారుపడ్డారు. "కింది పూతలన్నీ తీసేస్తే పైది దేని మీద నిలబడుతుందమ్మాయీ?"

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. "దేని మీదా నిలబడదు మామయ్యా. ఊరికే అలా ఉంటుంది. చూడండి" అని, అన్నిటికంటే అడుగున ఏముందా అని వెతికాను, అక్కణ్ణించే మొదలుపెడదామని. అడుగున గుండ్రం లేదు. తలకంటే ముందు, పొట్టకంటే ముందు, మొట్టమొదట వేసిన గీత ఒకటుంది. మౌసుతో కష్టపడి గీసిన వంకరటింకర అక్షరం, దాని కింద తోకలా ఒక సాగదీత. ఎక్కడో చూసినట్టనిపించింది. మా షాపు పాత బిల్లు పుస్తకాల మీద ఉండేది.

"ఇది మీ సంతకం కదూ?"

మామయ్య చెవులు ఎర్రబడ్డాయి. తర్వాత కుర్చీలో కూర్చుని, బల్ల మీది తునకల వైపు చూస్తూ చెప్పారు. ఇరవై ఆరేళ్ళ కిందట మొదటి వ్యానుకి పిట్ట వేసినప్పుడు ఓ మూల చిన్నగా సంతకం పెట్టారట. అప్పటి బడి పెద్దాయన, "బడి బండి మీద బడి పేరు తప్ప ఇంకెవరి పేరూ ఉండకూడదు" అని చెరిపించాడట. తర్వాతి వ్యానుకి మామయ్య ముందు రేకు మీద సంతకం పెట్టి, దాని మీద పిట్ట వేశారు. ఆ తర్వాత ఏ బొమ్మ వేసినా అదే అలవాటైపోయింది, ముందు సంతకం, దాని మీద బొమ్మ. మందుల షాపు బోర్డుకీ అంతే, కళ్ళ డాక్టరు గదికీ అంతే.

"ఎవరికీ కనబడకపోతే ఎందుకు మామయ్యా?"

"ఏమో అమ్మాయీ. అది లేకపోతే చెయ్యి సాగేది కాదు."

వెంటనే నాకు సోమవారం సంగతి గుర్తొచ్చింది. రేకు కనబడేదాకా గీకించేశామని మేడం అన్నప్పుడు ఆయన చేతుల వైపు ఎందుకు చూసుకున్నారో తెలిసింది. ఇరవై ఆరేళ్ళూ ఆ గీకుడులో పోయాయి. ఊళ్ళో ఇంకే గోడ మీదా ఆయన లేరు. నాలుగు రోజులుగా నేను ఆయన్ని చూసి విసుక్కుంటూ ఉన్నాను. నా మీద నాకే సిగ్గేసింది.

అప్పటికి తొమ్మిదిన్నర. ఒక్కో గుండ్రం పట్టుకుని తీయడం మొదలుపెట్టాను. ఆయన పక్కన కూర్చుని, ప్రతి గుండ్రం పోయినప్పుడూ పిట్ట కింద పడుతుందేమో అన్నట్టు చూశారు. పడలేదు. నూట నలభై మూడింటిలో తొమ్మిది మిగిలాయి. చివరికి ఆ సంతకం దగ్గరికొచ్చాను. అదుంటే పొట్ట మధ్యలో కోత పడుతుంది. నా వేలు బటను మీద ఆగిపోయింది.

"తీసెయ్. తప్పదుగా" అన్నారు ఆయన.

తీసేశాను. ఆయన కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నారు. మిషను రెండే రెండు నిమిషాల్లో పిట్టని కోసింది. ఆరు పసుపు ఒళ్ళు, ఆరు నారింజ ముక్కులు, ఆరు నల్ల కళ్ళు, అన్నీ సిద్ధమయ్యేసరికి బయట హారను మోగింది.

ఆరు వ్యాన్లూ వరసగా వీధిలో ఆగాయి. మొదటి వ్యాను డ్రైవరు దిగి, "తొందరగా కానివ్వండమ్మా, పదకొండుకి మళ్ళీ బడి దగ్గరుండాలి" అన్నాడు. తెల్లటి రేకు శుభ్రంగా, ఏమీ లేకుండా మెరుస్తోంది. నేను గుడ్డతో తుడిచి, స్టిక్కరు చేతిలోకి తీసుకుని, వెనక కాగితం ఊడదీయబోయి ఆగాను. మళ్ళీ షాపులోకి వెళ్ళి, అటక మీది డబ్బాల వెనక నుంచి పాత పేపరులో చుట్టిపెట్టిన ఆయన సన్న బ్రష్షు తీశాను. తొందరగా ఆరే రకం నల్ల రంగు డబ్బా మూత స్క్రూడ్రైవరుతో లేపాల్సి వచ్చింది.

"పెట్టండి మామయ్యా" అని బ్రష్షు ఆయన చేతికిచ్చాను.

"మేడం చూస్తే?"

"దీని మీద పిట్ట ఉంటుందిగా. చూస్తే నాతో మాట్లాడమనండి."

ఆయన మెట్టు పట్టుకుని నేల మీద కూర్చున్నారు. అక్షరం కాస్త వంకర పోయింది, తోక మాత్రం ఒక్క ఊపులో వచ్చింది. వెంటనే నేను స్టిక్కరు పట్టుకుని వంగాను. ఆయన అరచెయ్యి అడ్డం పెట్టారు.

"ఆరాలమ్మాయీ."

ఈసారి ఆరాలి, నిజమే. ఇద్దరం మెట్టు పక్కన ఊరికే కూర్చున్నాం. డ్రైవరు గడియారం చూసుకుంటూ, "బొమ్మ ఎక్కడండీ, ఏమీ కనబడట్లేదు" అని గొణిగాడు. రంగు ఆరాక పిట్టని పెట్టి, పైనుంచి కిందికి గుడ్డతో నొక్కుకుంటూ వచ్చాను. కింది అంచు నొక్కడానికి నేనూ గొంతుక్కూర్చోవాల్సి వచ్చింది. తలెత్తితే పిట్ట కన్ను సూటిగా నా కళ్ళలోకి చూస్తోంది. నిలబడితే కాదు, కూర్చుంటేనే. ఆ మెట్టెక్కే పిల్లలంత ఎత్తులో. నా ఫోటో నేను నిలబడి తీసింది.

"మామయ్యా, చూస్తోంది" అన్నాను.

"మరి?" అన్నారు ఆయన, ఇందులో వింతేముందన్నట్టు.

రెండో వ్యాను దగ్గర ఆయన తన సంతకం పెట్టి, బ్రష్షుని డబ్బా అంచున ఒత్తి, నా వైపు చాపారు.

"నాదెందుకు మామయ్యా?"

"అడ్డమైనవన్నీ తీసింది నువ్వేగా. పెట్టు."

పార్సిలు కాగితాల మీద బరబరా గీకడం తప్ప నాకొక సంతకమంటూ లేదు. బొమ్మ మీద పెట్టేది ఎలా ఉండాలో ఎవరూ చెప్పలేదు. కాసేపు బ్రష్షు పట్టుకుని అలాగే కూర్చున్నాను. చివరికి నా పేరు మొత్తం రాశాను, బళ్ళో పలక మీద రాసినట్టు, పెద్ద పెద్ద అక్షరాలతో. ఆయన వంగి చదివారు. తొమ్మిదేళ్ళుగా అమ్మాయీ అని తప్ప పిలవని మనిషి, ఆ పేరుని ఒకసారి పైకే చదువుకున్నారు.

నేను స్టిక్కరు అందుకోబోయాను. ఆయన మళ్ళీ చెయ్యి అడ్డం పెట్టారు.

"ఆగు. నీది ఇంకా ఆరలేదు."